నిండే దాకా ఆగిన అక్షరాలు

జూలై 9, మంగళవారం

ఇవాళ పెట్టె మాట్లాడింది.

రేణుకమ్మ చేపపిల్లల కుంటల గట్టు మీద, రేకుల షెడ్డులో, నా పాత కంప్యూటర్ తెర మీద ఒక చిన్న వరుస వచ్చి నిలబడింది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో మీటర్ చెప్పింది. ఆ మాట తీగ వెంట వచ్చి, నేను రాసిన డ్రైవర్ చేతుల మీదుగా తెర ఎక్కింది. డ్రైవర్ అంటే యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య నిలబడి మాటలు అందించే చిన్న ప్రోగ్రాం. పాత సామాన్ల బజారులో దొరికిన ఈ సీరియల్ పోర్టు కార్డుకు డ్రైవర్ ఎక్కడా దొరకలేదు. సరే, నేనే రాసుకుందామనుకున్నాను. డెబ్బై దాటాక ఇలాంటి మాట పైకి అంటే నవ్వుతారు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

నాకు ఇంగ్లీషు అక్షరాలు బడిలో రాలేదు. చౌరస్తాలో రేడియో రిపేరు దుకాణంలో పనికి కుదిరినప్పుడు వాల్వుల మీద గుర్తులు పోల్చుకుంటూ నేర్చుకున్నాను. ఆ వాల్వులన్నీ 'ఈ'తో మొదలయ్యేవి. అందుకని నా ఇంగ్లీషు ఇప్పటికీ ఐదో అక్షరం దగ్గరే మొదలవుతుంది. రేడియోలు పోయి టేప్ రికార్డర్లు వచ్చాయి, అవి పోయి టీవీలు వచ్చాయి, ఇప్పుడు టీవీ చెడిపోతే బాగు చేయించేవాడే లేడు. ప్రతిసారీ "ఇగ నీ దుకాణం మూసుడే" అని కాశమ్మ అనడం, నేను ఇంకో పుస్తకం జిరాక్స్ తెచ్చుకోవడం. మా సంసారం ఇలాగే గడిచింది.

అసలు సంగతి వదిలేసి ఎటో పోతున్నాను. రేణుకమ్మ భర్త బాలనర్సింహ బండి మీద నుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని పట్నం దవాఖానలో ఉన్నాడు. పిల్లలు లేరు, ఇద్దరికిద్దరే. మనిషిని అటు తిప్పాలన్నా ఇటు తిప్పాలన్నా ఆమే పోవాలి. ఇక్కడేమో రెండు కుంటల నిండా చేపపిల్లలు. మబ్బు పట్టి గాలి ఆగిన రోజున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, పిల్లలు నోళ్ళు పైకి పెడతాయి, గాలి మోటారు వేయకపోతే అంతే. ఇన్నాళ్ళూ ఆమె గట్టు మీద కూర్చుని నీళ్ళను చూస్తూ ఉండేది. చేపల సంఘం వాళ్ళు ఈ ఏడు పెద్ద చెరువులో వదిలే పిల్లల్ని ఆమె దగ్గరే తీసుకుంటామన్నారు. పిల్లలు పోతే ఆ మాట పోతుంది, కౌలు కుంటలూ పోతాయి, మళ్ళీ కూలికే.

"నేను రెండు తావుల ఉండాలె బాపు. ఎట్లన్న చెయ్యి" అంది.

చేశాను. కుంటకొక మీటర్, కార్డులో మీటర్‌కొక పోర్టు. ఆక్సిజన్ ఇంతకన్నా తగ్గకూడదని పెట్టిన గీత దిగితే మీటర్ ఒక మాట చెబుతుంది, మళ్ళీ గీత ఎక్కితే ఒక మాట చెబుతుంది. మధ్యలో నోరు మెదపదు. దాని మీదున్న బొత్తం ఒత్తితే మాత్రం ఎప్పుడైనా చెబుతుంది. దిగిందన్న మాట అందగానే కంప్యూటర్ ఆ కుంట మోటారు వేస్తుంది, ఎక్కిందంటే ఆపుతుంది, రేణుకమ్మ ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది.

జూలై 11, గురువారం

వింత. మీటర్ 5.8 అని పంపితే తెర మీద 58 అని పడింది. చుక్క పోయింది. నీళ్ళలో ఆక్సిజన్ అంత ఉంటే చేపపిల్లలు లేచి గట్టు మీద నడుస్తాయి.

తప్పు కెమెరాది. కొంగల్ని చూద్దామని అదే కంప్యూటర్‌కు నేనొక కెమెరా తగిలించాను. అక్కడ ఒక కుంటి కొంగ ఉంది. రేణుకమ్మ అన్నానికి లేచిందంటే దానికి తెలిసిపోతుంది, ఎలాగో నాకింకా అంతు పట్టలేదు. మిగతా కొంగలు దీన్ని చూసి దిగుతాయి. దీని గురించి వేరే రోజు రాయాలి.

చుక్క ఎలా పోయిందంటే ఇలా. సీరియల్ పోర్టు పొలం గట్టు లాంటిది, ఒకరి వెనక ఒకరు రావలసిందే. ఒక్కో అక్షరం రాగానే కార్డు గంట కొడుతుంది. కంప్యూటర్ చేతిలో పని పక్కన పెట్టి, లేచి వచ్చి, ఆ ఒక్క అక్షరాన్ని లోపలికి తీసుకుని, మళ్ళీ పనిలోకి పోవాలి. కూర్చునే లోపే ఇంకో గంట. కెమెరా పని మీద ఉన్నప్పుడు జర ఆలస్యమైతే, ముందు అక్షరం తీయకుండానే వెనకది వచ్చి దాని మీద కూర్చుంటుంది. ఇవాళ చుక్క మీద ఎనిమిది కూర్చుంది.

కెమెరా తీసేస్తే సరిపోతుంది. కానీ తీసేయడం రిపేరు కాదు.

జూలై 12, శుక్రవారం

దొరికింది! కార్డులోనే ఒక్కో పోర్టుకు పదహారు గూళ్ళ అర ఒకటి ఉంది. నా జిరాక్స్‌లో ఆ పేజీ ఇంకొక పేజీకి అతుక్కుని ఉంటే కాశమ్మ ఇస్త్రీపెట్టె ఆవిరితో విడదీశాను. అక్షరాలు వచ్చి ఆ గూళ్ళలో కూర్చుంటాయి. ఎన్ని కూర్చున్నాక గంట కొట్టాలో మనం చెప్పవచ్చు. పద్నాలుగు అని చెప్పాను. మిగిలిన రెండూ, కంప్యూటర్ లేచి వచ్చే లోపు వచ్చేవాళ్ళకు.

గంట మోగగానే అరలో ఉన్నవన్నీ ఒక్క ఊపులో తీసి, చివరా మొదలూ కలిసిన ఒక గుండ్రటి వరుసలో పోస్తాను. పోసే చెయ్యి పోస్తూ తిరుగుతుంది, తీసుకునే చెయ్యి దాని వెనకే తీసుకుంటూ తిరుగుతుంది. ఒకరి కోసం ఒకరు ఆగనక్కర లేదు. గంట మోగినప్పుడు చేసే పని ఎంత చిన్నదైతే అంత మంచిది, తీరిగ్గా చేసేవన్నీ తర్వాత. ఈ ముక్క అర్థమయ్యేసరికి పొద్దు గూకింది. నాలో నేనే నవ్వుకుంటుంటే కాశమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

కార్డుకు ఇంకొక గంట కూడా ఉంది. అర నిండకపోయినా మధ్యలో మోగుతుంది. వరుస వరుసకూ మోగి సతాయిస్తుంటే ఆపేశాను. గంటలు ఎంత తక్కువైతే అంత గొప్ప కదా.

మా మేడ మీద అద్దెకుండే పూజిత రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సు కోసం దిగినప్పుడు ఆమెకు చూపించాను. ఆదిభట్లలో ఉద్యోగం, ఇదే పని. అరను మెచ్చుకుంది. "రెండో గంట ఎందుకు బంద్ జేసినవ్ తాతా?" అంది. సతాయిస్తోంది అన్నాను. ఇంకేదో అనబోయింది, బస్సు హారన్ కొట్టింది, పోయింది. ఈ కాలం పిల్లలకు పుస్తకంలో ఉన్నవన్నీ వాడితే గాని తృప్తి ఉండదు.

జూలై 14, ఆదివారం

మబ్బు పట్టింది. ఆక్సిజన్ దిగింది. మోటారు దానంతట అదే తిరిగింది. రేణుకమ్మ పక్కనే ఉండి చూసింది. కెమెరా నడుస్తూనే ఉంది, ఒక్క చుక్క కూడా పోలేదు.

"ఇగ ఫికర్ లేకుండ పో బిడ్డా" అన్నాను. పెద్ద ఇంజినీరు లెక్కన అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. సిగ్గేమిటి, పని చేసింది కదా.

జూలై 18, గురువారం

పై కుంటలో పిల్లలు పోయాయి.

పొద్దున రేణుకమ్మ పట్నం బస్సెక్కాక మబ్బు కమ్మింది. మోటారు తిరగలేదు. మెసేజ్ పోలేదు. సాయంత్రం ఆమె బస్సు దిగి నేరుగా కుంటకే వచ్చింది. నేను వెళ్ళేసరికి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి జల్లెడతో తెల్లటి పిల్లల్ని తీసి గట్టు మీద పోస్తోంది. ఏడవలేదు. కొంగలు చుట్టూ దిగి తింటుంటే వాటినీ తోలలేదు.

కింది కుంటలో ఆక్సిజన్ గీత దాకా దిగలేదు, అది మిగిలింది.

జూలై 19, శుక్రవారం

తీగను ఎలుక కొరికింది. పై కుంట మీటర్ నుంచి వచ్చే తీగ మీద పంటి గాట్లు స్పష్టంగా ఉన్నాయి. లోపలి రాగి దాకా పోలేదు గాని, గాట్లు గాట్లే. టేపు చుట్టాను. ఇనుప గొట్టంలో వేశాను.

"ఎలుకల పనే బిడ్డా" అని చెప్పాను. తల ఊపింది.

డ్రైవర్‌లో ఏ తప్పూ లేదు. మూడుసార్లు మొదటి నుంచి చివర దాకా చదివాను.

జూలై 21, ఆదివారం

కుంట వైపు పోలేదు. మోకాలు నొప్పి.

జూలై 24, బుధవారం

ఇది మాత్రం వింతల్లో వింత.

రేణుకమ్మ దవాఖానలో భర్తకు గంజి తాగిస్తుంటే ఫోన్‌కు రెండు మెసేజ్‌లు ఒక్కసారే వచ్చాయట. మొదటిది: కింది కుంటలో ఆక్సిజన్ దిగింది. రెండోది: కింది కుంటలో ఆక్సిజన్ బాగుంది. ఆమె మొదటిది చూసి గిన్నె కింద పెట్టి పరుగెత్తింది. బస్సు దొరక్క మన్నెగూడ దాకా ఎవరిదో బండి మీద వచ్చి, అక్కడి నుంచి ఆటోలో వచ్చింది. వచ్చేసరికి పిల్లలు హాయిగా తిరుగుతున్నాయి. పొద్దున కాసేపు దిగి, ఎండ రాగానే దానంతట అదే ఎక్కినట్టుంది. మోటారు తిరిగిన గుర్తే లేదు.

దిగినప్పుడు దిగిందని చెప్పాలి. ఎక్కాక ఎక్కిందని చెప్పాలి. రెండూ చేతులు పట్టుకుని ఒకేసారి రావడమేమిటి? దిగిందన్న మాట పొద్దుటి నుంచి ఎక్కడ కూర్చుంది?

ఫోన్ కంపెనీ వాళ్ళ టవర్ తప్పు అనుకున్నాను. కానీ మోటారుకు టవర్‌తో పని లేదే.

రేణుకమ్మ ఇక పట్నం పోనంది. "ఆయనకు నర్సమ్మలు ఉన్నరు. వీటికి నేను తప్ప ఎవరున్నరు" అంది. అక్కడ బాలనర్సింహ గిన్నెలో గంజి అలాగే ఉండిపోయి ఉంటుంది.

జూలై 26, శుక్రవారం

రేణుకమ్మ గట్టు మీదే ఉంటోంది. నిన్నా ఇవాళా మబ్బే. యంత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. దిగింది, మోటారు తిరిగింది, ఎక్కింది, ఆగింది. వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఆమె ఉంటే పని చేస్తుంది. ఆమె లేకపోతే చేయదు. ఇది నేను కనిపెట్టిన శాస్త్రం.

చిన్నప్పుడు మా దుకాణంలో ఒక రేడియో ఉండేది. ఒక పెద్దమనిషి వచ్చి పక్కన నిలబడితేనే మోగేది. రోజుకొకసారి ఆయన్ను బతిమాలి తెచ్చుకునేవాళ్ళం. ఆయన చేతి కడియం ఏరియల్‌గా పని చేస్తోందని చివరికి తేలింది. అందుకని ఇవాళ రేణుకమ్మను చేతి గాజులు తీసి కూర్చోమన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. గాజులు తీయలేదు. సరే, చెప్పులు విప్పి కూర్చోమన్నాను, భూమికి కరెంటు తగులుతుందేమో చూద్దామని. అప్పుడైతే నోరే తెరిచింది.

"బాపు, నీ కంప్యూటర్ బాగు చేస్తవా, నన్ను బాగు చేస్తవా?"

జూలై 27, శనివారం

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడకుండా ఆమెనే చూస్తూ కూర్చున్నాను. దాణా వేస్తుంది. కలుపు తీస్తుంది. అటూ ఇటూ పోతూ ప్రతిసారీ మీటర్ బొత్తం ఒకటి ఒత్తుతుంది. అంకె చూద్దామని కాదు, చాలాసార్లు అటు చూడనే చూడదు. బిడ్డ చెంప తట్టినట్టు ఒక తట్టు తట్టి పోతుంది.

"ఎందుకు ఒత్తుతున్నవ్ బిడ్డా?"

"ఉన్నదా లేదా అని. ఊకె" అంది.

జూలై 28, ఆదివారం

కాశమ్మతో నీళ్ళు బాగా మరగబెట్టించాను. మరిగితే నీళ్ళలో గాలి పోతుంది. చల్లార్చి, మూతి బిగించిన సీసాలో పట్టుకుపోయాను. రేణుకమ్మను అన్నానికి పంపి, ఎవరూ బొత్తం ముట్టకుండా మీటర్ కొనను ఆ నీళ్ళలో ముంచాను.

మీటర్ మీద ఎర్ర దీపం వెలిగింది. అంటే దిగిందన్న మాట అది అనేసింది. తెర మీద ఏమీ లేదు. కూర్చున్నాను. కుంటి కొంగ వచ్చింది, పోయింది. తెర మీద ఏమీ లేదు. ఉండబట్టలేక బొత్తం ఒకటి ఒత్తాను. దిగిందన్న మాటా, బొత్తం మాటా రెండూ కలిసి తెర మీద పడ్డాయి. వెంటనే మోటారు తిరిగింది.

అంటే మాట పోవడం లేదు. దారిలో ఎక్కడో ఆగి, వెనక ఇంకొకటి వచ్చి తోస్తే కదులుతోంది. రేణుకమ్మ ఉన్నప్పుడు ఆమె తట్టే తట్టే ఆ తోపు. ఇంత ఆనందం నాకు ఈ మధ్య కలగలేదు. పై కుంట గుర్తొచ్చి ఆనందం అక్కడికే ఆగింది.

మీటర్ తయారు చేసినవాళ్ళు ఏదో పొరపాటు చేసి ఉంటారు. డ్రైవర్‌లో ఏ తప్పూ లేదు.

జూలై 29, సోమవారం

మోకాలికి మందు తెచ్చుకుందామని బొంగులూరు బయల్దేరి ఆటో ఎక్కాను. ఎక్కిన చోటే కూర్చున్నాను. ఎందుకంటే ఆటో నిండాలి. నాతోపాటు కూరగాయల గంపతో ఒకామె, అంతే. డ్రైవర్ ఎల్లేశ్ బయట నిలబడి బొంగులూరు, బొంగులూరు అని పిలుస్తున్నాడు. ఎవరూ రావడం లేదు.

మన ఆటో అడ్డా మీద ఒక పద్ధతి ఉంది, వేరే ఊళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. ఎప్పుడో సవారీలు తిట్టుకుని, డ్రైవర్లు కొట్టుకుని, అందరూ కలిసి పెట్టుకున్నారు. బండి నిండితే అప్పుడే కదలాలి. నిండకపోతే డ్రైవర్ చాయ్ చెప్పుకుంటాడు. అది తాగే లోపు ఒక్క మనిషి ఎక్కినా ఇంకో చాయ్ చెప్పుకోవచ్చు. ఎవరూ ఎక్కకుండా గ్లాసు ఖాళీ అయిందంటే మాత్రం, బండిలో ఒక్కడున్నా సరే, కదలవలసిందే. కదలకపోతే వెనక బండివాడు అతని బండి తాళాలు లాక్కోవచ్చు.

కొత్తగా వచ్చినవాడిలా నేను గొణిగాను. "ఇద్దరికే పోతవా ఎల్లేశ్, ఇంకెంతసేపు?"

ఎల్లేశ్ చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "నిండెదాంక ఆగుమంటే ఎట్ల తాతా? ఎక్కినోళ్ళకు పనులుండవా? గ్లాసు ఖాళీ అయిందంటే పోవుడే."

గ్లాసు కింద పెట్టాడు. బండి స్టార్ట్ చేశాడు.

నేను దిగిపోయాను. గంపామె నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఎల్లేశ్ అయితే "గింతసేపు కూసొని ఇప్పుడు దిగుతవా" అని చౌరస్తా అంతా వినబడేలా అరిచాడు. అనుకోనీ.

మీటర్ చెప్పే ఒక్కో మాట, వరుస ముగిసిందని చెప్పే గుర్తులతో కలిపి, ఏడక్షరాలు. నేను పెట్టిన గంట పద్నాలుగుకు. దిగిందన్న మాట వచ్చి సగం గూళ్ళలో కూర్చుంటుంది. సగమే కాబట్టి గంట మోగదు. ఎక్కిందన్న మాట వచ్చి మిగతా సగం నింపితే అప్పుడు మోగుతుంది. రెండూ చేతులు పట్టుకుని వస్తాయి. పద్నాలుగో తేదీన సరిగ్గా పని చేసింది ఎందుకంటే, అప్పటికే రేణుకమ్మ ఒక్క తట్టు తట్టి ఉంటుంది. సగం ముందే నిండి ఉంది.

నేను ఆపేసిన ఆ రెండో గంట ఇదే. అరలో ఎవరైనా ఉండి, కాసేపటిగా కొత్తవాళ్ళెవరూ రాకపోతే మోగే గంట. సతాయించడానికి కాదు దాన్ని పెట్టింది.

మోకాలి మందు తేలేదు.

జూలై 30, మంగళవారం

రెండో గంట పెట్టాను. నాలుగక్షరాలు రావడానికి పట్టేంత సమయం ఎవరూ రాకపోతే మోగుతుంది. ఉన్నవాటిని తీసుకుని పోతుంది. ఒక మాటకు ఏడు గంటలు మోగే చోట ఇప్పుడు ఒక్కటే. చుక్కా పోదు, మాటా ఆగదు. మరిగించిన నీళ్ళతో ఎన్నిసార్లు ముంచినా, ఎర్ర దీపం వెలిగేసరికి మోటారు తిరుగుతోంది. మోటారు వేసిందని మెసేజ్‌లోనే చెప్పేలా కూడా రాశాను.

పూజితకు చూపించాను. చదివి, "అవ్ తాతా, గిదే" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. ఆ రోజు చెప్పబోయింది ఇదేనా అని నేను అడగలేదు. మంచి పిల్ల. మేడ మీద నల్లా కారుతోందని ఎప్పటి నుంచో అంటోంది, పోయి బాగు చేసి వచ్చాను.

జూలై 31, బుధవారం

రేణుకమ్మకు చెప్పలేదు. బాగైందని చెప్పాను. ఏం బాగైందో చెప్పలేదు.

ఆగస్టు 1, గురువారం

కాశమ్మకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. అరలూ గంటలూ అన్నీ చెప్పాను, ఆటో కూడా చెప్పాను.

"అంటే పై కుంట పిల్లలు నీ వల్ల పోయినయా?" అంది.

అంత వివరంగా చెప్పాక ఇంత చిన్నగా అడిగింది.

"నాకెందుకు చెప్తున్నవ్. నా చేపలా అవి?" అంది. చాట పక్కన పెట్టలేదు, తల ఎత్తలేదు.

చెప్పులేసుకుని వెళ్ళాను. రేణుకమ్మ షెడ్డు ముందు వలకు అతుకు వేస్తోంది. నిలబడే చెప్పాను. ఎలుక కాదు బిడ్డా, నేనే అన్నాను. అర నిండే దాకా కదలొద్దని నేనే చెప్పానని, నిండకపోయినా కదలమని చెప్పే గంట ఉంటే దాన్ని నేనే ఆపానని, ఒకరు అడిగినా వినలేదని చెప్పాను.

వల ముడి పూర్తి చేసింది. దారం కొరికింది.

"ఎలుకలకు మందు పెట్టిన బాపు, నువ్వు చెప్పినవని" అంది. "మస్తు సచ్చినయి."

ఆమె నవ్వలేదు. వలలో ఇంకో చిరుగు వెతుకుతూ, "ఆయన నన్ను తిట్టిండు" అంది. "నువ్వు దవాఖానల నా పక్కకు కూసున్నవు గావట్టే పిల్లలు పోయినయి అన్నడు. నేను గూడ గట్లనే అనుకున్న. పోకుండ ఉంటే బతుకుతుండె అని."

ఆ మాట నా డైరీలో ఎక్కడా లేదు. రెండు వారాలుగా అక్షరాలు ఎక్కడ ఆగాయా అని వెతుకుతూ కూర్చున్న నాకు, ఆమె ఇది మోస్తోందని తెలియదు.

"రేపు పోయి ఆయనకు నేనే చెప్త" అన్నాను.

"నువ్వు పోవుడెందుకు. నేనే చెప్త" అంది. "ఎల్లుండి ఆయన్ను లేపి నిలబెడ్తరట. నేను ఉండాలె. నీ మాట ఇప్పుడు నమ్మ బాపు, ఏమనుకోకు. నువ్వే వచ్చి ఈడ కూసో. బొత్తం ముట్టకు. నీ యంత్రం పని చేసిందనుకో, ఇద్దరం బతికినం. చెయ్యలేదనుకో, నువ్వే మోటరెయ్యి."

ఆగస్టు 3, శనివారం

తెల్లారగానే రేణుకమ్మ బస్సెక్కింది. నేను గట్టు మీద కూర్చున్నాను.

మధ్యాహ్నానికి మబ్బు దిగింది. ఆకు కదలడం లేదు. నీళ్ళు నూనె పోసినట్టు ఉన్నాయి. ఊరికే ఒక్కసారి తడదామా అని ఎన్నిసార్లు అనిపించిందో. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. గట్టు దగ్గర పిల్లలు రెండు మూడు నోళ్ళు పైకి పెట్టాయి. నేను మోటారు మీట వైపు లేచాను.

రెండడుగులు వేశానో లేదో, మోటారు తిరిగింది.

నీళ్ళు తెల్లగా ఎగిరి పడుతుంటే పిల్లలన్నీ ఒక నీడ లాగా అటు తిరిగాయి. నేను షెడ్డులోకి పోయి తెర చూశాను. ఒక్కటే వరుస. దాని వెనక ఏమీ లేదు. దాన్ని ఎవరూ తోయలేదు. ఏడక్షరాల మాట తానొక్కటే నడిచి వచ్చింది.

ఇక ఫోన్ చూస్తూ కూర్చున్నాను. మెసేజ్ ఆమెకు పోయి ఉంటుంది. ఇప్పుడు చేస్తుంది, భయపడుతూ చేస్తుంది, మోటారు తిరుగుతోంది బిడ్డా అని చెబుదాం అని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. చేయలేదు. బాలనర్సింహను నిలబెడుతుంటే పడ్డాడా? ఫోన్ చార్జింగ్ అయిపోయిందా? లేక మెసేజే పోలేదా? నేనే చేద్దామని నంబరు దాకా పోయి ఆగాను. చేస్తే ఆమె భయపడుతుంది.

మోటారు ఆగింది. మళ్ళీ ఇంకొకసారి తిరిగి ఆగింది. ఎండ మళ్ళింది. అప్పటికీ ఫోన్ లేదు.

పొద్దు వాలాక ఆమె నడుచుకుంటూ వచ్చింది. పరుగెత్తి కాదు. చేతిలో ఖాళీ టిఫిన్. బాలనర్సింహ నిలబడ్డాడట, నాలుగడుగులు వేశాడట, వేసినంత సేపూ నర్సును తిట్టాడట. పిల్లలు పోయింది ఆమె లేనందుకూ కాదు, ఎలుకల వల్లా కాదు, నా యంత్రం వల్లనని చెబితే ముందు నమ్మలేదట, తర్వాత చాలాసేపు కిటికీ వైపు చూస్తూ పడుకుని, ఆమెను దగ్గరికి రమ్మని తలకాయ మీద చెయ్యి పెట్టాడట. ఇదంతా ఆమె నీళ్ళ వైపు చూస్తూ చెప్పింది. పిల్లలు బాగున్నాయని నేను చెప్పకముందే చూసుకుంది.

"మెసేజ్ రాలేదా బిడ్డా?" అన్నాను.

"వచ్చింది."

"మరి ఫోన్ చెయ్యకపోతివి?"

"ఆయన మంచం పక్క కుర్చీల జర కన్నంటుకున్నది బాపు. ఫోన్ మోగింది. చూసిన. మోటరేసిందని ఉన్నది." చీర కొంగు నడుముకు చెక్కుకుని దాణా బకెట్ అందుకుంది. "మళ్ల పండుకున్న."